పాల దగ్గర చీలిన దారి



పోయిన సంక్రాంతికి మా చెల్లెలి కూతురు బెంగళూరు నుంచి వచ్చింది. మాది మొదటినుంచీ మాంసం ముట్టని ఇల్లు. మా అమ్మకు ఎనభై దాటాయి. అయినా మనవరాలు వచ్చిందంటే వడ్డన తన చేతి మీదుగానే జరగాలి. ముద్దపప్పు వేసి, నేతిగిన్నె పట్టుకుని వంగింది. పిల్ల విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు అమ్మమ్మా, నెయ్యి మానేశాను."

"ఎందుకే, ఒంటికి పడట్లేదా?"

"పడక కాదు. పాలు, పెరుగు, నెయ్యి అన్నీ మానేశాను. వీగన్‌గా ఉంటున్నాను."

అమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. "మనం మాంసమే ముట్టం కదే! ఇంకా మానడానికి ఏముంది?" అంది.

ఆ ప్రశ్నకు జవాబే ఈనాటి నా ప్రసంగం. శాకాహారం వేరు, వీగన్ ఆహారం వేరు. రెండిట్లోనూ మాంసం లేదు, చేప లేదు. తేడా అంతా పాల దగ్గర మొదలవుతుంది. గుడ్డు దగ్గర, తేనె దగ్గర కూడా తేడా ఉంది గానీ మన ఇళ్లలో మాత్రం అది ముఖ్యంగా పాల గొడవే. తెల్లారి కాఫీ మొదలు రాత్రి మజ్జిగ దాకా పాలు లేని పూట మనకు లేదు. దేవుడి ముందు పెట్టే పంచామృతాలనే తీసుకోండి: పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార. ఐదింటిలో నాలుగు వీగన్లు ముట్టరు.

వీగన్ అన్న మాట పుట్టుక మన దేశంలో కాదు. 1847లో ఇంగ్లండులోని రామ్స్‌గేట్ పట్టణంలో వెజిటేరియన్ సొసైటీ ఏర్పడింది. వాళ్ల లెక్కలో మాంసమూ చేపా మానితే చాలు, గుడ్డూ పాలూ ఎవరిష్టం వారిది. కానీ వాళ్లలోనే కొందరికి మనసు కుదుట పడలేదు. మాంసం కోసం జంతువును చంపడం తప్పయితే, పాల కోసం దూడను తల్లికి దూరం చేయడం ఒప్పెలా అవుతుందని అడిగేవారు. ఈ వాదన ఏళ్ల తరబడి సాగింది. చివరికి పాలు కూడా మానినవారి కోసం సంఘం పత్రికలో కాస్త చోటివ్వమని డొనాల్డ్ వాట్సన్ అనే ఆయన అడిగాడు. పిల్లలకు వడ్రంగం నేర్పే ఉపాధ్యాయుడాయన. సంఘం ఒప్పుకోలేదు. దాంతో 1944 నవంబరులో, రెండో ప్రపంచయుద్ధం ఇంకా సాగుతుండగానే, ఆయనా మరికొందరూ కలిసి వేరే సంఘం పెట్టుకున్నారు. పేరు కావాలి కదా. ఇంగ్లీషులో వెజిటేరియన్ అన్న మాటకు మొదటి మూడు అక్షరాలు, చివరి రెండు అక్షరాలు తీసి కలిపారు. వీగన్ అయింది. ఏటా నవంబరు 1న ప్రపంచ వీగన్ దినం జరుపుకునేది ఈ పుట్టుకను తలచుకునే.

వాట్సన్ కంటే ముందే ఈ ప్రశ్న మనవారొకరిని పట్టి పీడించింది. గాంధీజీ 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫారంలో ఉండగా పాలు మానేశారు. కలకత్తా వంటి చోట్ల పశువులు ఎక్కువ పాలివ్వాలని వాటిని పెట్టే హింస గురించి చదివి చలించిపోయారు. పశువు మర్మస్థానంలోకి గాలి ఊదడం ఆ పద్ధతి. దాన్ని ఫూకా అంటారు. ఆరేళ్లు గాంధీజీ ఆ మాట మీదే ఉన్నారు. 1918లో జిగట విరేచనాలతో ప్రాణం మీదికి వచ్చినప్పుడు, పాలు తాగనిదే ఒళ్లు కోలుకోదని వైద్యులు పట్టుబట్టారు. కస్తూరిబా అప్పుడు, మీరు ఒట్టు పెట్టుకున్నప్పుడు మీ మనసులో ఉన్నవి ఆవు, గేదె పాలే కదా, మేకపాలకు అభ్యంతరమేమిటి అని అడిగారు. ఆయన లొంగారు. మేకపాలు తాగుతూనే ఉన్నారు గానీ, వ్రతం అక్షరాన్ని నిలబెట్టి ఆత్మను వదిలేశానన్న బాధ ఆయనను విడిచిపెట్టలేదు. ఆ ఫూకా మన దేశంలో ఇప్పుడు నేరం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పన్నెండో సెక్షన్ దాన్ని పేరు పెట్టి మరీ నిషేధించింది. పాలు పెరగడానికి పశువు ఆరోగ్యాన్ని చెరిపే సూదిమందు ఇవ్వడమూ ఆ సెక్షన్ కిందికే వస్తుంది. ఫూకా అన్నది పుక్కిటి పురాణం కాదని చెప్పడానికి ఆ సెక్షనే సాక్ష్యం.

మళ్లీ మా వంటింటికి వస్తాను. భోజనాలయ్యాక అమ్మ మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుంది. "పాలు చంపి తీసుకునేవి కావు కదే. పశువు తనంత తాను చేపి ఇస్తుంది," అంది. చేపడం ఎంత చక్కని మాటో చూడండి. దూడ వచ్చి పొదుగు కుమ్మితే తల్లికి పాలు దిగడాన్ని చేపడం అంటాం. పిల్ల అడిగింది: "ఎవరి కోసం చేపుతుంది అమ్మమ్మా?"

అమ్మ మాట్లాడలేదు. కాసేపటికి తనే మొదలుపెట్టింది. తెనాలి దగ్గర మా ఊళ్లో మా తాతగారింట్లో నాలుగు గేదెలుండేవట. పెయ్యదూడ పుడితే దానికి ఒక రొమ్ము విడిచేవారు, రేపు పాడికొస్తుంది కనుక. దున్నదూడ పుడితే అంత శ్రద్ధ ఉండేది కాదు. చాలా దూడలు ఏడాది తిరక్కుండానే పోయేవి. దూడ పోయాక గేదె చేపదు. అందుకని చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, దాని ముందు నిలబెట్టేవారు. గేదె ఆ గడ్డిదూడను నాకుతూ పాలు దింపేది. "చిన్నప్పుడు నేనే ఆ దూడను ఎత్తుకెళ్లి పెట్టేదాన్ని," అంది అమ్మ. మా అమ్మ నోట ఈ సంగతి అంతకుముందు ఎప్పుడూ వినలేదు నేను.

నాకు అప్పుడు జున్ను గుర్తొచ్చింది. పక్కింట్లో గేదె ఈనిందంటే మా పిల్లలందరికీ పండగ. మూడో రోజుకల్లా గిన్నె నిండా ముర్రుపాలు వచ్చేవి. బెల్లం, మిరియాలు వేసి అమ్మ ఆవిరి మీద పెట్టేది. జున్ను అంటే నాకిప్పటికీ ప్రాణం. కానీ ముర్రుపాలు అప్పుడే పుట్టిన దూడకు రోగనిరోధక శక్తినిచ్చే మొదటి ఆహారం. పుట్టిన తొలి గంటల్లో అవి కడుపునిండా తాగని దూడ బతకడం కష్టమని పశువైద్యులు రైతులకు పదేపదే చెబుతారు. దూడ తాగగా మిగిలినవి మనం తింటే అది వేరు. దూడ నోటి దగ్గరివి తీసి పంచితే అది వేరు. ఆ రెండోది ఎంత జరుగుతోందో నాకు తెలుసు గనక, ఆ సంక్రాంతి నుంచి నేను జున్ను మానేశాను. పెరుగు మానలేదు. ఈ మాట మీకు చెప్పకుండా ప్రసంగం చేయడం సరికాదనిపించింది.

శాకాహారి అడిగే ప్రశ్న, దీనికోసం ప్రాణం పోయిందా అని. వీగన్ అడిగే ప్రశ్న, ఇది ఎవరిది, వాళ్లనుంచి ఎలా వచ్చింది అని. ప్రశ్న మారింది కనుక జవాబూ మారింది. ఆ రెండో ప్రశ్న మన పాల గురించి వేసి చూద్దాం. 2023-24లో మన దేశంలో 23 కోట్ల 90 లక్షల టన్నులకు పైగా పాల ఉత్పత్తి జరిగింది. ప్రపంచంలో మనదే మొదటి స్థానం. పశువు ఈనితేనే పాలు. ఈనిన ప్రతిసారీ దూడ పుడుతుంది, సగానికి సగం మగవే పుడతాయి. ట్రాక్టర్లు వచ్చాక దుక్కికీ బండికీ వాటితో పనిలేదు. అవి చివరికి కబేళాకే చేరతాయి. ఒట్టిపోయిన గేదెకూ అదే గతి. మనది ప్రపంచానికి గేదె మాంసం పంపే పెద్ద దేశాల్లో ఒకటి. ఆ గేదెలు మాంసం కోసం ప్రత్యేకంగా పెంచినవి కావు, పాడి నుంచి మిగిలినవి. పాలగిన్నెకూ కబేళాకూ సంబంధం లేదని అనుకోవడం ఇక కుదరదు.

అలాగని పల్లెలో రెండు గేదెలు పెట్టుకుని, రోజూ పొద్దునా సాయంత్రమూ పాలకేంద్రానికి నాలుగేసి లీటర్లు పోసి పిల్లల్ని చదివించుకునే ఆడమనిషిని వేలెత్తి చూపించే హక్కు నగరంలో ఉండే వీగన్‌కు లేదు. సెంటు భూమి లేని ఇంటికి పదిహేను రోజులకోసారి చేతికొచ్చే పాలడబ్బే ఆధారం. అడగవలసింది ఆమెను కాదు. దున్నదూడను సాకేందుకు, ఒట్టిపోయిన గేదెకు మేత పెట్టేందుకు ఆ పాల ధరలో పైసా కూడా కలపని కొనుగోలుదారులను, అంటే మనందరినీ అడగాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర శాకాహారం అన్న మాటకు జంతువు మీద దయ ఒక్కటే అర్థం కాదు. కులం ఉంది, మడి ఉంది, వారం వర్జ్యం ఉంది. శనివారం మాంసం తినని ఇళ్లు, కార్తీకమాసమంతా మానే ఇళ్లు ఎన్నో. 2014 నాటి ప్రభుత్వ సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 ఏళ్లు దాటినవారిలో నూటికి 98 మంది మాంసాహారులని తేలింది. కానీ ఆ 98 మందిలో ఎంతమందికి రోజూ మాంసం దొరుకుతుంది? జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ కారం, పప్పుచారు, గోంగూర: కూలికి వెళ్లే ఇంట్లో చాలా పూటలు ఇంతే. పేరు మాంసాహారం, కంచంలో ఉన్నది పూర్తిగా వీగన్ భోజనం. పక్కనే శాకాహారి కంచంలో నెయ్యి, పెరుగు, పాలకోవా. కనుక మాంసాహారం కింది మెట్టు, శాకాహారం పైమెట్టు, వీగన్ ఇంకా పైమెట్టు అనే నిచ్చెన ఒకటి మనసులో వేసుకుంటే తప్పు. ఆ నిచ్చెన పేరుతో మనుషుల్ని ఎక్కించడం, దించడం ఇంకా తప్పు.

ఇక రోజువారీ చిక్కులు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందంటే వీగన్లు తినవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ చుక్క శాకాహారానిది. మన దేశపు నిబంధనల్లో గుడ్డు మాంసాహారం కిందికి వస్తుంది. పాలు, పాల పదార్థాలు, తేనె, మైనం, లక్క మాత్రం శాకాహారమే. అందువల్ల బిస్కెట్‌లో పాలపొడి ఉన్నా, చిప్స్ మసాలాలో పాలవిరుగుడు పొడి కలిపినా, చాక్లెట్‌కు లక్కతో మెరుపు తెచ్చినా ఆకుపచ్చ చుక్కే వేస్తారు. వీగన్ పదార్థాలకు 2022లో వేరే నిబంధనలు వచ్చాయి, ఆకుతో కూడిన ఆకుపచ్చ 'వి' అక్షరం గుర్తుగా ఉంటుంది. హోటలు బోర్డు మీద 'ప్యూర్ వెజ్' అని ఉందంటే అక్కడ మాంసమూ గుడ్డూ వండరని మాత్రమే. ఉప్మాలో నెయ్యి ఉందో లేదో మీరు అడిగి తెలుసుకోవలసిందే.

చీజ్ సంగతి శాకాహారులు కూడా తెలుసుకోవాలి. పాలను గట్టిపరచడానికి వాడే రెన్నెట్‌ను సంప్రదాయంగా పాలు తాగే దూడ కడుపులోనుంచి తీస్తారు. మన దేశంలో ఆకుపచ్చ చుక్కతో అమ్మే చీజ్‌కు సూక్ష్మజీవుల నుంచి తీసినది వాడతారు. విదేశాల్లో ఉన్నవారు మాత్రం చూసి కొనాలి. మిఠాయిల మీద వేసే వెండిరేకు కూడా అంతే. హైదరాబాదు పాతబస్తీలో వరక్ అనే ఆ రేకు కొట్టేవారి సుత్తి చప్పుడు వినే ఉంటారు. ఆ వెండిని పశువుల పేగుల తోలు పొరల మధ్య పెట్టి కొట్టడం పాత పద్ధతి. జంతువుల నుంచి వచ్చినదేదీ ఆ తయారీలో వాడకూడదని 2016లో నిబంధన వచ్చింది.

అమెరికా, ఆస్ట్రేలియాల్లో పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. విమానం టిక్కెట్టు తీసుకునేటప్పుడు భోజనం ఎంచుకోమంటారు. ఎ.వి.ఎం.ఎల్. అంటే ఆసియా శాకాహారం, మన తరహా కూరా అన్నమూ, పెరుగు కూడా ఉండవచ్చు. వి.ఎల్.ఎం.ఎల్. అంటే పాలూ గుడ్లూ ఉండే శాకాహారం. వి.జి.ఎం.ఎల్. అంటే వీగన్, పెరుగు రాదు, కాఫీలోకి పాలు రావు. హెచ్.ఎన్.ఎం.ఎల్. లో హిందూ అన్న మాట ఉంది కదా అని ఎంచుకుంటే మాంసం వస్తుంది. గుడ్డు తినని పెద్దవాళ్లు పదిహేను గంటల ప్రయాణంలో బ్రెడ్డు ముక్కతో గడపడానికి కారణం ఈ అక్షరాలు తెలియకపోవడమే.

ఇప్పుడు ఆరోగ్యం. ఇక్కడ నేను కాస్త గట్టిగా మాట్లాడతాను, ఎందుకంటే ఇది పట్టించుకోకపోతే నష్టం తిరిగి పూడ్చలేనిది.

పాలు మానితే కాల్షియం ఎలా అని అందరూ అడుగుతారు. దానికి మన దగ్గర జవాబుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూస్తే, 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూఇటూగా కాల్షియం ఉంది, పాలలో 120 దాకా ఉంటుంది. నువ్వుల్లో వెయ్యికి పైనే. ఒంటికి పట్టేది పాలలోదే ఎక్కువ గానీ, రాగిజావ, నువ్వుల పొడి, ఆకుకూరలు రోజూ తినేవారికి లోటు రాకుండా చూసుకోవచ్చు. మాంసకృత్తులకు కంది, పెసర, సెనగ, ఉలవ, వేరుసెనగ, సోయా ఉన్నాయి.

ఏ ఆకులోనూ గింజలోనూ నమ్మకంగా దొరకనిది విటమిన్ బి12. దాన్ని మొక్కలూ తయారు చేయవు, జంతువులూ చేయవు. సూక్ష్మజీవులు చేస్తాయి. ఆవు పొట్టలో ఉండే సూక్ష్మజీవులు చేసినదే పాలలోకి వస్తుంది. మన కాలేయంలో అది కొన్నేళ్లకు సరిపడా నిలవ ఉంటుంది. అందుకే పాలు మానిన మొదటి ఏడాది, రెండో ఏడాది ఏమీ తెలియదు, "నాకేం కాలేదు" అనుకుంటారు. తర్వాత మెల్లగా కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది, మతిమరుపు వస్తుంది.

ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకోవాలి. ఆయన సొంత అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల వ్యాధి తీసుకుపోయింది. అమెరికాలో లెడర్లే పరిశోధనాలయంలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఫోలిక్ అన్న పేరే లాటిన్‌లో ఆకు అనే మాటనుంచి వచ్చింది, పాలకూర ఆకుల నుంచి దాన్ని వేరు చేశారు గనక. రక్తహీనతకు అది గొప్ప మందు. అయితే బి12 లోపం వల్ల వచ్చిన రక్తహీనతను కూడా ఫోలిక్ ఆమ్లం పైకి సరిచేసేస్తుంది. నరాల దెబ్బను మాత్రం ఆపలేదు. ఆ నరాలకు కావలసిన మందు బి12. దాన్ని 1948లో విడిగా తీశారు. ఆకుకూరలు దండిగా తినే వీగన్‌కు రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగానే ఉంటుంది, లోపల నరాలు దెబ్బతింటూ ఉంటాయి. పాలకూర ఎంత తిన్నా బి12 రాదు. మాత్రగానో, బి12 కలిపిన ఆహారంగానో వేసుకోవలసిందే. గొట్టం మాత్రలు చాలావరకు పశువుల ఎముకా తోలూ నుంచి తీసే జెలటిన్‌తో చేస్తారు, వీగన్లు బిళ్లలు అడిగి తీసుకోవచ్చు.

శాకాహారులు ఇది తమకు కాదని అనుకోవద్దు. బి12 రోజువారీ అవసరం తీరాలంటే దరిదాపు అర లీటరు పాలు కావాలి. పొద్దున కాఫీలో రెండు చెంచాల పాలు, రాత్రి నీళ్ల మజ్జిగ తీసుకునే మా అమ్మ వయసువారిలో ఈ లోపం సాధారణం. మా అమ్మకు పరీక్ష చేయిస్తే తక్కువే తేలింది. ఇప్పుడు అమ్మమ్మా మనవరాలూ ఒకే బిళ్ల వేసుకుంటున్నారు.

వంట విషయంలో అమ్మకు పెద్ద ఇబ్బంది కలగలేదు. పులిహోర, పచ్చిపులుసు, పెసరట్టు, పప్పునూనె పోసిన ఆవకాయ అన్నం, నూనెలో వేయించిన అరిసెలు: ఇవన్నీ పాలచుక్క లేనివే. నూరిన వేరుసెనగల పాలు కాచి, అవి గోరువెచ్చగా ఉండగా పచ్చిమిరప తొడిమెలు వేసి పెరుగు తోడుపెట్టడం మూడోసారికి కుదిరింది. పెరుగన్నంలా కమ్మగా లేదని అమ్మ తీర్పు. పిల్ల మాత్రం గిన్నె ఖాళీ చేసింది.

పాలు మానాలనుకునే యువతీయువకులారా, మానే రోజే బి12 బిళ్ల మొదలుపెట్టండి, ఏడాదికోసారి పరీక్ష చేయించుకోండి. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ, చిన్నపిల్లల తల్లిదండ్రులూ డాక్టరును అడగకుండా ఈ మార్పు చేయకండి. పెద్దలారా, మీ ఇంటి విస్తరి ముందు ఎవరైనా చెయ్యి అడ్డం పెడితే, నేతిగిన్నె కాస్త పక్కన పెట్టి, పప్పునూనె పోయండి.